మంచుకు మంచి బండి

బ్రౌన్‌లాగె,
అక్టోబరు మొదటి వారం

గౌరవనీయులైన అక్కకు,

నమస్కారాలు. ఉత్తరం చూసి కంగారుపడకండి, అందరం క్షేమం. ఫోన్ చెయ్యకుండా ఈ కాగితాలేమిటి అంటారు కదా. నా గదిలో సిగ్నల్ లేదు. కిటికీ తెరిచి చెయ్యి బయటికి చాపితే ఒక గీత వస్తుంది, ఇంకాసేపు చాపితే చెయ్యి కొయ్యబారుతుంది. పోనీ బయటికి వెళ్ళి చేద్దామంటే, మీ ఇంట్లో బావగారు ఏ ఫోనైనా స్పీకర్‌లో పెడతారు, సహస్ర మధ్యలో దూరి జర్మన్‌లో ఏదో అంటుంది, మీరు వంటింట్లోంచి కేకేస్తారు, చివరికి ఎవరు ఎవరితో మాట్లాడామో తెలియదు. తోడికోడళ్ళ మాటలు మూడో చెవిన పడకపోతేనే మంచిదని మా అమ్మ అంటుంది. అందుకని రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరి నెలైంది. హనుమకొండలో చదివిన ఫిజియోథెరపీకి ఇక్కడి కాగితాలు రావడానికే రెండేళ్ళు పట్టిందని మీకు తెలుసు. ఇప్పుడు రోజూ ఈ కొండల్లో ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మోకాళ్ళు వంచడం, భుజాలు తిప్పడం నా పని. ఇంతవరకు సీనియర్ ఒకావిడ తన కార్లో తిప్పుతోంది. డిసెంబరు నుంచి నేను ఒక్కదాన్నే తిరగాలి. ప్రోబెట్సైట్ ఆరు నెలలు, అంటే ఆ ఆరు నెలల్లో వద్దనుకుంటే పంపించెయ్యొచ్చు. "మంచులో తిరిగే సొంత బండి లేకపోతే మిమ్మల్ని ఉంచుకోవడం కష్టం" అని మా యజమానురాలు నవ్వుతూనే చెప్పింది. వీళ్ళు నవ్వుతూ చెప్పినా నిజంగానే చెబుతారు.

భార్గవ్‌ని అడిగితే లాభం లేదు. బ్రెమెన్‌లో కూర్చుని ఆకాశంలోకి పంపే సామాన్లు చేస్తాడు గానీ, నేల మీద తిరిగే బండి గురించి అడిగితే నెట్‌లో చూసి చెబుతానంటాడు. నాకున్నట్టు లైసెన్సు కూడా లేదు. వారం వారం రైల్లో వచ్చి, నా చేతి వంట తిని, "వదిన చేసినట్టు లేదు" అని చెప్పి వెళ్తాడు.

మీరు తొమ్మిదేళ్ళుగా కార్ల ఊళ్ళో ఉన్నారు. మీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పెద్ద బండి కొనాలా, చిన్నదా? నాలుగు చక్రాలూ తిరిగేదే కావాలా? మంచు పడేలోపు చెప్పండి అక్కా.

మీ చెల్లెలు,
స్నిగ్ధ


వోల్ఫ్స్‌బర్గ్,
అక్టోబరు

చిరంజీవి సౌభాగ్యవతి స్నిగ్ధకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. దస్తూరీ ముత్యాల్లా ఉందని మీ బావగారు అన్నారు. నా దస్తూరీ గురించి ఇంతవరకు ఏమీ అనలేదు. పచారీ చీటీలు తప్ప నేనేం రాశాను గనక అనడానికి.

కారు సంగతి నన్నడిగావు, సంతోషం. కార్ల ఊళ్ళో ఉన్నంత మాత్రాన కార్లు తెలుస్తాయటే? తెనాలిలో మా ఇంటికి ఎదురుగా బంగారం కొట్టు ఉండేది. రోజూ దాని ముందునుంచే బడికి వెళ్ళాను. బంగారం గురించి నాకు తెలిసిందీ, కార్ల గురించి తెలిసిందీ ఒక్కటే.

ఈ తొమ్మిదేళ్ళలో మా ఇంటికి ఆరు కార్లు వచ్చాయి. అన్నీ ఆయన కంపెనీవాళ్ళు వాడుకోమని ఇచ్చినవే. ఒకటి వెళ్తుంది, ఇంకొకటి వస్తుంది. వచ్చినదాని రంగేమిటో నేను బాల్కనీలోంచి చూసి తెలుసుకుంటాను. ఇప్పుడున్నది బూడిద రంగుది, అంతకుముందుదీ బూడిదే. నాకూ లైసెన్సు ఉంది. మూడోసారికి ప్యాసయ్యాను, ఆ ఫోటోలో నవ్వుతున్నాను కూడా. కానీ వాన పడితే "వద్దులే ఆదీ, తడి రోడ్డు", మంచు పడితే "వద్దులే, జారుతుంది", ఎండ కాస్తే "ఎలాగూ నేనున్నాగా". మూడు కాలాలూ అలా అయిపోయాయి.

నీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. వాషింగ్ మెషీన్ బాగుచేయించమని నేను ఫ్రిజ్ మీద అతికించిన కాగితం మాత్రం నెలరోజులుగా కళ్ళజోడు లేకుండా చూస్తున్నారు. శనివారం తనే వచ్చి కార్లు చూపిస్తానన్నారు. రానీ, పాపం. ఆ పిల్లకు మనం కాక ఎవరున్నారు అని నేనే అన్నాను.

నన్నడిగావు కాబట్టి నా మాట కూడా చెబుతాను. పెద్ద నల్ల బండి తీసుకో. ఎత్తుగా కూర్చుంటే రోడ్డు కనబడుతుంది, నలుగురికీ నువ్వూ కనబడతావు. దోసావకాయ పంపిస్తున్నాను. భార్గవ్‌కి ఇష్టం, నువ్వు కూడా రుచి చూడు.

ఆశీస్సులతో,
ఆదిలక్ష్మి


బ్రౌన్‌లాగె,
నవంబరు మొదట

ప్రియమైన అక్కకు,

కారు కొనేశాను! భార్గవ్ కంటే ముందు మీకే రాస్తున్నాను.

బావగారు శనివారం పొద్దున్నే వచ్చారు. టీ కూడా తాగకుండా బయలుదేరదీశారు. మీరు చెప్పిన పెద్ద నల్ల బండి దగ్గరికే ముందు వెళ్ళాం. ఎక్కి కూర్చుంటే అంబారీ ఎక్కినట్టే ఉంది. బావగారు దాని చుట్టూ తిరిగి, "ఎక్కడం బానే ఉంటుందమ్మా, దిగడమే కష్టం" అన్నారు. నేను సీటు గురించి అనుకున్నాను, ఆయన కొండ గురించి అంటున్నారు. బరువైన బండి దిగుడులో జారడం మొదలుపెడితే ఇంక ఎవరి మాటా వినదట.

అమ్మేవాడు "ఆల్‌రాడ్, ఆల్‌రాడ్" అని ఊదరగొట్టాడు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుందని. బావగారు అతని ముందు తలూపి, నాతో తెలుగులో, "నాలుగు చక్రాలూ లాగితే బండి కదులుతుందమ్మా. ఆగాలంటే టైరే దిక్కు. ముందు టైరు చూడు, తర్వాత బండి చూడు" అన్నారు. తడి నేల మీద మోకాళ్ళు ఆనించి ఒక్కో టైరు మీదా కొండ బొమ్మ, దాని మధ్య మంచుపువ్వు ఉన్న గుర్తు వెతికారు. అది ఉంటేనే అసలైన చలికాలపు టైరట. ఆయన ప్యాంటు మోకాళ్ళ మీద మరకలు పోయాయా అక్కా?

ఇంకో చోట వ్యాను లాంటిది చూశాం, నేల మీద పాకుతున్నట్టుంది. రోడ్డు మీద మంచు పేరుకుంటే దాని కడుపు ఆనుతుందన్నారు. చివరికి ఒక పల్లెలో రిటైరైన టీచరమ్మ కొట్టంలో దొరికింది నా బండి. చిన్న జపాన్ కారు. పాతదే. రెండే తలుపులు. నిలబెట్టిన అగ్గిపెట్టెలా ఎత్తుగా, ఇరుగ్గా ఉంటుంది. నాలుగు చక్రాలూ లాగుతాయి, బరువు తక్కువ, టైర్లు కొత్తవి. రంగు ఆవపిండి రంగు.

చూసినవాటిలో ఏది ఎందుకు మంచిదో, ఎందుకు కాదో బావగారు ఓపికగా మళ్ళీ మొదటినుంచి చెప్పారు. చెప్పి, "నడిపేది నువ్వు. నీకేది నచ్చిందమ్మా?" అని అడిగారు. మా నాన్న కూడా నన్నెప్పుడూ అలా అడిగింది లేదు. ఆవపిండిదే అన్నాను. "మంచిది" అన్నారు, అంతే.

వచ్చే శనివారం నుంచి మంచులో నడపడం నేర్పుతానన్నారు. మీరెంత అదృష్టవంతులు అక్కా! ఇంత ఓపికగల మనిషిని నేను చూడలేదు.

మీ చెల్లెలు,
స్నిగ్ధ


వోల్ఫ్స్‌బర్గ్,
నవంబరు చివర

స్నిగ్ధ గారికి,

మరకలు పోలేదు.

"నీకేది నచ్చిందమ్మా" అన్నారా? ఆ వాక్యం నేను మళ్ళీ మళ్ళీ చదివాను. పెళ్ళయి పదహారేళ్ళు. ఈ ఇల్లు, ఈ సోఫా, సహస్ర బడి, నా చేతిలో ఉన్న ఫోను, అన్నీ ఆయనే చూసి ఆయనే తెచ్చారు. చెడ్డవి తేలేదు. పోట్లాడటానికి వీల్లేకుండా అన్నీ మంచివే తెచ్చారు, అదే నా ఖర్మ.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. ఆ సామెత విన్నప్పుడల్లా ఎంత పిచ్చిదో అని నవ్వేదాన్ని. ఇప్పుడు ఆవిడ నాకు దగ్గరి చుట్టంలా ఉంది. ఆయన నన్ను అడగనందుకు ఇన్నేళ్ళూ ఏడ్వలేదు. నిన్ను అడిగినందుకు ఏడుస్తున్నాను.

వేరే అనుమానం నాకు లేదు. ఆ మాట ముందే చెబుతున్నాను, నీ మీదా లేదు, ఆయన మీదా లేదు. అదే అయితే అరిచి, నాలుగు కంచాలు విసిరి తేల్చుకునేదాన్ని. దీనికి ఏ కంచం విసరాలో తెలియడం లేదు. ప్రతి శనివారం పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరుతున్నారు. సహస్ర బడిలో క్రిస్మస్ బజారు పెట్టారు, నేను గారెలు వేసి అమ్మాను, ఆయన రాలేదు. నీ దగ్గర గేర్లు నేర్పుతున్నారు. నీ పక్క సీట్లో కూర్చుని "మెల్లగా, మెల్లగా" అంటుంటారు కాబోలు. నేను నేర్చుకునే రోజుల్లో నా పక్కన కూర్చుని కళ్ళు మూసుకునేవారు.

ఇంటికి వచ్చాక మాట ఉండదు. అన్నం తిని బాల్కనీలో నిలబడతారు. ఈమధ్య ఆఫీసు గురించి సణగడం కూడా మానేశారు. ఆ సణుగుడైనా నాకు మిగిలి ఉండేది, అదీ మీ కొండ మీదే దించుకుని వస్తున్నట్టున్నారు. అక్కడ మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారు? చెబితే వింటాను.

మొన్న ఇవన్నీ సహస్ర ముందు అనేశాను. అది పుస్తకంలోంచి తలెత్తకుండానే "మమా, డూ బిస్ట్ యా నైడిష్" అంది. నేను నేర్చుకున్న జర్మన్‌లో ఆ మాట లేదు. అంటే ఏమిటే అని అడిగితే "జెలస్" అంది. పన్నెండేళ్ళ పిల్ల. లాగి ఒకటి ఇద్దామనుకున్నాను గానీ, అది చెప్పింది నిజం. నాకు కుళ్ళుగా ఉంది. నీ ఉద్యోగం చూసి, నీ ఆవపిండి బండి చూసి, నా మొగుడు నీతో మాట్లాడే మాటలు చూసి కుళ్ళుగా ఉంది. దానికి ఇంకో పేరు పెట్టి నీకు ఆశీస్సులు రాయలేను.

ఆదిలక్ష్మి


బ్రౌన్‌లాగె,
డిసెంబరు మొదటి వారం

అక్కా,

మీ ఉత్తరం ఒక పేషెంటు ఇంటి ముందు బండి ఆపి చదువుకున్నాను. లోపలికి వెళ్తే ఆ ముసలాయన నా మొహం చూసి, ఈరోజు మోకాలు వద్దులే, కాసేపు కూర్చో అన్నాడు.

నాకు కోపం వచ్చింది. నన్ను "గారు" అన్నందుకు ఇంకా ఎక్కువ వచ్చింది. కారు గురించి ముందు మిమ్మల్నే అడిగాను కదా అక్కా, నా ఉత్తరం ఆయన చేతిలో పెట్టింది మీరే కదా.

మేం ఏం మాట్లాడుకుంటామని అడిగారు. బ్రేకు గురించి, గేరు గురించి. "బ్రేకు మీద నిలబడకమ్మా", "జారుతుంటే నువ్వెటు పోవాలో అటు చూడు, గోడను చూస్తే గోడకే పోతావు", ఇవే. మొన్న మంగళవారం వచ్చినప్పుడు దిగుడు మలుపులో బండి వెనక భాగం పక్కకు వెళ్ళిపోయింది. ఆయన కేక కూడా వెయ్యలేదు, "చూపు రోడ్డు మీద, చూపు రోడ్డు మీద" అని మాత్రం అన్నారు. బండి దానంతటదే దారికొచ్చింది. ఇంతకుమించి ఏం మాట్లాడుకుంటాం?

ఇక రావద్దని బావగారికి మెసేజ్ పెట్టాను, నాకు వచ్చేసిందని. నిజానికి రాలేదు. ఇంకా ఎగుడు ఎక్కేటప్పుడు చేతులు వణుకుతాయి, దిగేటప్పుడు దేవుళ్ళందరి పేర్లూ గుర్తొస్తాయి. కానీ మీ శనివారాలు మీకు వెనక్కి ఇచ్చేస్తున్నాను. నా ఉద్యోగం పోతే పోయింది.

స్నిగ్ధ


వోల్ఫ్స్‌బర్గ్,
డిసెంబరు

స్నిగ్ధా,

మంగళవారమా?

మంగళవారం ఆయన పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళారు. నేనే డబ్బా కట్టి ఇచ్చాను. దొండకాయ వేపుడు, పెరుగన్నం. సాయంత్రం ఎప్పటిలాగే వచ్చారు, డబ్బా ఖాళీగా ఉంది, "ఈరోజు మీటింగులే మీటింగులు" అన్నారు కూడా.

నువ్వు ఆ మాట తెలియక రాశావో, తెలిసే రాశావో నాకు అక్కర్లేదు. నా మరిదికి ఒట్టు పెట్టుకునే అలవాటుంది, నీకు లేదు. ఒట్టు అడగను. ఆ దొండకాయ వేపుడు ఎక్కడ తిన్నారో చెప్పు.

ఆదిలక్ష్మి


బ్రౌన్‌లాగె,
డిసెంబరు

అక్కా,

నా బండిలో తిన్నారు.

మంగళవారమని తెలియకే రాశాను. పోస్టు డబ్బాలో వేశాక గుర్తొచ్చి, ఆ డబ్బా ముందు నిలబడి నా నెత్తి నేనే కొట్టుకున్నాను. చెప్పనని ఆయనకు మాట ఇచ్చాను. "నేనే చెబుతానమ్మా, కొంచెం టైమివ్వు" అన్నారు. ఇప్పుడు చెప్పకపోతే మీరు ఏమేం ఊహించుకుంటారో నాకు తెలుసు, అందుకని చెప్పేస్తున్నాను. ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

బావగారికి ఉద్యోగం పోయింది. అక్టోబరు చివరనే పోయింది. ఆయన కంపెనీ ఫ్యాక్టరీ కోసం చేస్తున్న ప్రాజెక్టు ముగిసిపోయిందట, ఆయన టీమును మొత్తం పంపించేశారు. ఆర్బైట్సమ్ట్‌లో టెర్మిన్ తీసుకుని, అంటే నిరుద్యోగుల ఆఫీసులో టైము తీసుకుని, పేరు రాయించుకున్నారు. కొత్త ఉద్యోగాలకు అప్లై చేస్తున్నారు. పొద్దున్నే మీరు కట్టిన డబ్బా పట్టుకుని మీ ఊరి లైబ్రరీకి వెళ్ళి కూర్చుంటున్నారు. అక్కడ ఎవరైనా తెలుగువాళ్ళు కనబడిన రోజున ఇటు వచ్చేస్తున్నారు. బూడిద రంగు కారు కూడా జనవరి నెలాఖరుకు కంపెనీకి తిరిగి ఇచ్చెయ్యాలి.

నాకెందుకు చెప్పారని మీరు అడుగుతారు. పెళ్ళికి ముందు మా అమ్మ నాకు ఒకే బుద్ధి చెప్పింది. "బావగారి ముంగట కూసోకు బిడ్డా, పక్కపొంటి అసలే కూసోకు" అని. నేను జర్మనీ వచ్చాను గానీ ఆ మాట కూడా నాతో వచ్చింది. బావగారికీ అంతే. తమ్ముడి భార్య పక్కన ముందు సీట్లో కూర్చోవడమంటే ఆయనకు చెమటలు పట్టాయి. మొదటి శనివారం డోరు తీసి నిలబడి, "నేను వెనక కూర్చుంటానమ్మా" అన్నారు. రెండు తలుపుల బండి. ముందు సీటు వంచి, పొట్ట లోపలికి పీల్చుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని దూరారు. ఎవరైనా చూస్తే నేను ఆయన్ని ఎత్తుకుపోతున్నానని పోలీసులకు చెప్పేవారు. ప్రతిసారీ అలాగే కూర్చుని నేర్పారక్కా. పక్క సీట్లో నా బ్యాగు ఉండేది.

ఆ మంగళవారం మంచు బాగా పడుతోంది. బండి జారాక రోడ్డు పక్కకు తీసి ఆపాను. నేను ముందుకే చూస్తున్నాను. ఆయన వెనకనుంచి, "నన్ను తీసేశారమ్మా" అన్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పారు. నా మొహం ఆయనకు కనబడదు, ఆయన మొహం నాకు కనబడదు. మొహం చూడక్కర్లేదు కాబట్టి చెప్పగలిగారు. ఎదురుగా కూర్చుని ఉంటే ఎవరికీ చెప్పేవారు కాదు. చెప్పి, డబ్బా విప్పి, మూతలో సగం దొండకాయ వేపుడు పెట్టి ముందుకు అందించారు. ఇద్దరం తిన్నాం.

మీకెందుకు చెప్పలేదని అడిగాను. "మీ అక్క ముందు అన్నం పెడుతుంది, తర్వాత ఏడుస్తుంది. ఆ అన్నం నాకు దిగదమ్మా" అన్నారు.

ఇంకొకటి కూడా చెబుతాను, ఈరోజు అన్నీ చెప్పే రోజు కాబట్టి. మీరు నా మీద కుళ్ళుకున్నానని రాశారు. నేను మీ మీద పెళ్ళినాటి నుంచి కుళ్ళుకుంటున్నాను. ఏం వండినా వదిన, ఏం కట్టుకున్నా వదిన, ఇల్లు సర్దితే వదిన. మీరు పంపిన దోసావకాయ సీసా ఖాళీ అయ్యేదాకా భార్గవ్ నా కూర వైపు చూడలేదు. ఒకరోజు కావాలనే దాన్ని అలమరలో వెనక్కి దాచేశాను. అదీ వెతికి తీసుకున్నాడు.

ఇప్పుడు ఏం చేస్తారో మీ ఇష్టం. ఆయన్ని మాత్రం తిట్టకండి.

స్నిగ్ధ


వోల్ఫ్స్‌బర్గ్,
జనవరి చివర

స్నిగ్ధా,

జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. నాకు చెప్పవలసింది ఆయన చెప్పేదాకా నీకు రాయకూడదని పట్టుబట్టాను.

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. ఉద్యోగం పోయినందుకే ఏడ్చానని నీకు రాయొచ్చు. నిజానికి ఎక్కువగా ఏడ్చింది నాకంటే ముందు నీకు తెలిసినందుకు. ఇంట్లో నిప్పంటుకుంటే పక్కింటావిడ వచ్చి చెప్పినట్టయింది. ఆ సాయంత్రం ఆయన వచ్చి "మీటింగులు" అంటే, "అయ్యో, అలిసిపోయారు" అన్నాను. నాలుక కొరుక్కుని మరీ అన్నాను.

రోజూ డబ్బా కట్టాను. ఆయనకు ఇష్టమైనవన్నీ వండాను, కంది పచ్చడి, గుత్తి వంకాయ, మెంతి మజ్జిగ. ఇంత మంచిగా చూసుకుంటే సిగ్గుపడి చెబుతారని నా ఆలోచన. ఆయన బరువు పెరిగారు గానీ చెప్పలేదు. క్రిస్మస్‌కి "ఆఫీసు సెలవు" అని ఇంట్లో ఉన్నారు, అప్పుడూ చెప్పలేదు. ఒక పక్క జాలి, ఇంకో పక్క ఒళ్ళు మంట. ఈ మనిషి నోరు తెరవాలంటే నేనూ వెళ్ళి కొండ మీద కాపురం పెట్టాలా అనిపించింది.

పోయిన సోమవారం ఇక్కడ కూడా మంచు పడింది. మీ కొండల్లాంటిది కాదులే, చెట్లు తెల్లబడేంత. మర్నాడు ఆయన డబ్బా పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. నేను కోటు వేసుకుని, కారు తాళాలు తీసుకుని ముందు నడిచాను.

"ఎక్కడికి?"

"మిమ్మల్ని దింపుతాను."

"వద్దులే ఆదీ, జారుతుంది."

"జారనివ్వండి. మీరు వెనక కూర్చోండి."

నా మొహం చూశారు. నీకు ఉత్తరాలు రాస్తున్నానని ఆయనకు తెలుసు. వెనక తలుపు తీసి కూర్చున్నారు. మాది నాలుగు తలుపుల బండి, పొట్ట పీల్చుకోవాల్సిన పని లేకపోయింది.

ఎంత మెల్లగా నడిపానంటే సైకిలు మీద ఒక ముసలావిడ మమ్మల్ని దాటి వెళ్ళింది. ఆయన ఆఫీసు దారిలో తిప్పలేదు, చెరువు వైపు తిప్పాను. అప్పుడైనా అడుగుతారనుకున్నాను, అడగలేదు. ఒక మలుపులో బండి కాస్త జారింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన కళ్ళు మూసుకోలేదు, అద్దంలో చూశాను. చెరువు దగ్గర పార్కింగులో ఆపి, ఇంజను ఆపేసి, చేతులు స్టీరింగ్ మీదే పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాను. అద్దాన్ని పైకి తిప్పేశాను, నాకు మంచు తప్ప ఏమీ కనబడకుండా.

వెనకనుంచి మొదలుపెట్టారు. నువ్వు రాసినదంతా చెప్పారు, నువ్వు రాయనిది కూడా చెప్పారు. లైబ్రరీలో ఒకరోజు మా పక్క వీధి తెలుగావిడ ప్రవీణ భర్త శశికాంత్ ఎదురుపడితే పిల్లల పుస్తకాల గదిలో దాక్కున్నారట. నలభై ఏడేళ్ళ మనిషి, ఏనుగు బొమ్మల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని. అది విని నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

తిట్టలేదు. నువ్వు వద్దన్నావని కాదు, తిట్టడానికి వెనక్కి తిరగాలి, తిరిగితే చెప్పడం ఆపేస్తారని భయం. అంతా అయ్యాక ఒక్కటే అడిగాను. నెలరోజులు దాచుకుని చివరికి స్నిగ్ధకు చెప్పారు, ఇంట్లో ఉన్నదాన్ని నేను, నాకెందుకు చెప్పలేదు అని.

"ఆ అమ్మాయికి చెబితే అది ఒక మాట. నీకు చెబితే నిజమైపోతుంది ఆదీ. అందాకా నిజం కాకుండా ఉంటుందేమోనని" అన్నారు.

అప్పుడు వెనక్కి తిరిగాను. డబ్బా ఒళ్ళో పెట్టుకుని బళ్ళో పిల్లాడిలా కూర్చుని ఉన్నారు. వెళ్ళి వెనక సీట్లో ఆయన పక్కన కూర్చున్నాను. అన్నం అక్కడే తిన్నాం. దిగింది.

ఇకముందు సంగతులు. బూడిద రంగు బండి వచ్చే వారం వెళ్ళిపోతుంది. బ్రెమెన్‌లో ఒక ఇంటర్వ్యూ ఉంది, భార్గవ్ వాళ్ళ ఆఫీసు దగ్గరే. నేను కూడా కిండర్‌గార్టెన్ వంటగదిలో పనికి అడిగాను, లైసెన్సు ఉందా అన్నారు, పిల్లల భోజనాలు వేరే బడికి కూడా తీసుకెళ్ళాలట. ఉందన్నాను. చవకలో ఒక బండి చూడాలి. మంచుకు ఆగేది కావాలి, నాలుగు తలుపులదే కావాలి. ఈ శనివారం ఆయన్ని మీ ఊరికి పంపుతున్నాను, నీ చేతుల వణుకు తగ్గేదాకా నేర్పమని నేనే చెప్పాను. ఈసారి నేనూ వస్తాను. మీ బావగారు వెనక కూర్చుంటారు, నీ పక్కన నేను కూర్చుంటాను. ఆ బ్యాగు తీసి పక్కన పెట్టు.

కుళ్ళు పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. నా దొండకాయ వేపుడు నువ్వు తిన్నావన్నది ఇంకా గొంతులో ఉంది. ఒక్కటి మాత్రం అడుగుతాను, నిజం చెప్పు. నాకు చెబితే నిజమైపోతుందన్న ఆ మాట, ఆయన నీతో అనలేదు కదా? అన్నా సరే, అనలేదనే రాయి.

మీ అక్క,
ఆదిలక్ష్మి